ఊరికే వీపెక్కిన గోరింకలు

తుమ్మలబీడు జంతువులకి ఆస్తి అంటూ ఉన్నది ఒక్క బురదగుంట. సామాన్యమైన బురదా అది! వెన్నపూస దాని ముందు ఇసక. ఎండ ముదిరేసరికి గేదెలన్నీ అందులో దిగి, ముక్కులు మాత్రం పైకి పెట్టుకుని పడుకునేవి. ఒడ్డుకొచ్చి ఆరాక, ఎండిన బురదతో పాటు ఒంటికి పట్టిన పిడుదులూ ఊడిపోయేవి. రక్తం తాగి తాగి రేగుపండంత అయినవి కొన్ని, గుమ్మడికాయంత అయినవి కొన్ని. అవి రాలుతుంటే నేల అదిరి, ఏటి అవతల కుందేళ్లు బొరియల్లోంచి బయటికొచ్చి పిడుగు పడిందా అని ఆకాశం చూసేవి.

అలాంటి చోటికి జంపన్న అనే నక్క వచ్చాడు. వాడి మాట ఎంత తియ్యనంటే, వాడు పలకరించి వెళ్లిన చెట్టుకి చీమలు పట్టేవి. వాడి వెనకాలే గోరింకల గుంపు, ఆకాశం కనబడకుండా.

“ఏమిటమ్మా ఇది? ఇంకా బురదలోనే పొర్లుతున్నారా? పక్క అడవుల వాళ్లు నవ్వుతున్నారు” అన్నాడు.

“నవ్వితే నవ్వనీ. వాళ్ల పళ్లు వాళ్లిష్టం. మా పిడుదులు పోతున్నాయి” అంది కర్రెమ్మ. గేదెల మందకి పెద్ద ఆవిడే. ఆవిడ నిట్టూరిస్తే తాడిచెట్లు వంగేవి.

“ఇకమీదట నా గోరింకలు మీ వీపుల మీదికే వచ్చి ఏరిపెడతాయి. మీరు చెవి కూడా కదపక్కర్లేదు.”

“ఏం పుచ్చుకుంటావు?”

“రామరామ! పుచ్చుకోవడమా? పూర్తిగా ఫ్రీ!”

మేక చింతాలు పక్కనే తుమ్మకొమ్మ నములుతోంది. గడ్డం ఆడించి, “ఊరికే నవ్వే నక్కని చూస్తే కోళ్లగూడు గుర్తొస్తుంది నాకు. నీకేమిటయ్యా లాభం?” అంది.

“మీ సుఖమే నా లాభం చింతాలమ్మా.”

“మరి తిండి?”

“సేవ చేస్తే కడుపు నిండుతుంది.”

“నిండుతుంది, నిండుతుంది. ఎవరితో నిండుతుందన్నదే నా అనుమానం.”

మేక మాట ఎవరు వింటారు? ఊరికే అన్న మాట చెవిన పడ్డాక నాకొకటి, మా అక్కకొకటి అననిదెవరు? గోరింకలు వాలాయి. నిజం చెప్పొద్దూ, హాయిగానే ఉంది. గేదెలు నిలబడ్డ చోటే నిలబడి కళ్లు మూసుకునేవి. కొన్ని అలాగే నిద్రపోయి, లేచేసరికి కొమ్ముల మీద తీగలు పాకి బీరకాయలు కాశాయి. గుంటకి వెళ్లే దారిలో గడ్డి మొలిచింది.

ఆ గడ్డి చూశాక జంపన్న తిన్నగా కప్ప దగ్గరికి వెళ్లాడు. బురదగుంట మంచిచెడ్డలు చూసుకునే పెద్దరికం కప్పది. దానికి బుట్టెడు తూనీగలు పెట్టి, ‘ప్రధాన సలహాదారు’ అని ఒక బిరుదు తగిలించి, గుంట తన పేర చేసుకున్నాడు. మర్నాడు చూస్తే గుంట నిండా తుమ్మముళ్లు.

“ఇదేమిటి?” అని గేదెలు అడిగితే, “మీ కోసమే బాగుచేయిస్తున్నాం. అసౌకర్యానికి మన్నించాలి” అన్నాడు. కప్పని అడిగితే నోటినిండా తూనీగలు. పాపం, బెకబెకమనడానికి కూడా చోటు లేదు.

కర్రెమ్మకి మువ్వ అని ఒక పెయ్యదూడ. కాల్లో ముల్లు దిగి కుంటుతోంది. తోడేలు కోరయ్య ఆ చుట్టుపక్కల తిరుగుతున్నాడని తెలిసి, కర్రెమ్మ దాన్ని ఏటి ఒడ్డున జమ్ములో దాచింది. ఆ జమ్ము ఎంత దట్టమంటే గాలి కూడా దారి అడుక్కుంటూ వెళ్లాలి. “కదలకమ్మా, సాయంత్రం వస్తాను” అని చెవిలో చెప్పి వచ్చింది.

కోరయ్య ఆ జమ్ములోకి అత్తారింటికి వచ్చినట్టు వచ్చాడు. అటూ ఇటూ వెతకలేదు, ఒక్క ఆకు వాసన చూడలేదు. తిన్నగా మువ్వ ముందు నిలబడ్డాడు. కూతురి కేక విని కర్రెమ్మ కొమ్ములు వంచి పరిగెత్తింది కనక సరిపోయింది. దూడ దక్కింది. దాని చెవిలో సగం మాత్రం కోరయ్య నోట్లోకి పోయింది.

గోరింకలు జంపన్నకి కబుర్లు అప్పజెప్పడానికి రోజూ మధ్యాహ్నం గుట్టకి పోతాయి. అవి పోయాక చింతాలు వచ్చి కర్రెమ్మ పక్కన నిలబడింది.

“జమ్ములో దాచిన సంగతి ఎవరితో అన్నావు వదినా?”

“ఎవరితోనూ అనలేదే. దాని చెవిలోనే చెప్పాను.”

“అప్పుడు నీ వీపు మీద ఎవరున్నారు?”

“ఎవరుంటారు? ఎప్పుడూ ఉండే గోరిం...” అని కర్రెమ్మ ఆగిపోయింది.

చింతాలు నమలడం ఆపేసింది. మేక నమలడం ఆపడం భూమ్మీద అదే మొదటిసారి. తుమ్మచెట్లు కంగారుపడ్డాయి.

ఇద్దరూ గుట్టెక్కి జంపన్న ఆఫీసుకి వెళ్లారు. ఆఫీసంటే రెండు బండల మధ్య బొరియే. బయట మాత్రం నెమలీకలు, పూలతీగలు, పెళ్లివారి విడిదిలా ఉంది.

“నా బిడ్డ జాడ తోడేలుకి అమ్ముతావా?” అని కర్రెమ్మ బుస కొట్టింది.

“ఛీ ఛీ, అమ్మడమేమిటమ్మా! మేము ఎవరి కబురూ అమ్మం. భాగస్వాములతో పంచుకుంటాం.”

“తోడేలు నీకు భాగస్వామా?”

“ఆయన కూడా నా కస్టమరే. వేటలో కాస్త నాకు ప్రేమగా పంపిస్తారు. గడ్డి తినేవాళ్లు, మాంసం తినేవాళ్లు అని భేదం చూపించడం మా కంపెనీ నీతి కాదు.”

“నేను ఒప్పుకోలేదు!”

“ఒప్పుకున్నారుగా. గోరింక మొదట వాలినప్పుడు తోక ఊపారు.”

“ఈగలు తోలుకోవడానికి ఊపాను!”

“ఎందుకు ఊపారన్నది మీ సొంత విషయం. అందులో మేము తలదూర్చం. ఊపితే ఒప్పుకున్నట్టే. కావాలంటే మా నీతిపెద్దని అడగండి.”

నీతిపెద్ద అంటే గాడిద శాంతయ్య. కంపెనీలో ధర్మం తప్పకుండా చూడ్డానికి పెట్టారు. ముందొక పచ్చగడ్డి మోపు. మోపుకి అడ్డంగా ఉందని ధర్మాన్ని కాస్త పక్కకి జరిపినట్టున్నాడు. నములుతూనే, “తోక ఊపడమన్నది, ఒక విధంగా చూస్తే, ఊపడమే” అన్నాడు.

“ఇంకో విధంగా చూస్తే?” అంది చింతాలు.

“ఇంకో విధంగా చూడాలంటే ఇంకో మోపు కావాలి.”

“అయితే మీ పిట్ట నాకొద్దు. దించెయ్యండి” అంది కర్రెమ్మ.

“ఓ, తప్పకుండా! ఎవరినీ కట్టేసి ఉంచం మేము. ఈ గుట్ట చుట్టూ తోక ఊపకుండా తిరిగి రండి, దించేస్తాం” అన్నాడు జంపన్న.

ఈగల కాలం. కర్రెమ్మ మొదటి మలుపు దాకా కూడా వెళ్లలేకపోయింది.

“పోనీండమ్మా. మువ్వ చెవి సంగతి విని మా అందరి గుండె చెరువైంది. ఇకమీదట దాని క్షేమమే మాకు ముఖ్యం” అని జంపన్న కళ్లు తుడుచుకున్నాడు. తుడుచుకుంటూనే, “ఇంతకీ ఇప్పుడెక్కడ దాచారు?” అన్నాడు.

గుట్ట దిగుతూ కర్రెమ్మ కన్నీళ్లు పెట్టుకుంది. ఆ కన్నీళ్లకి కింద రెండు మడులు తడిసి నారు పోశారు. “గుంట పోయింది. పిట్ట దిగదు. పిల్ల కుంటుతోంది. దాన్ని బతికినన్నాళ్లూ నా పొట్ట కింద పెట్టుకుని తిరగనా చింతాలూ?”

“ఆగు వదినా. వినే చెవి వాడిదైతే చెప్పే నోరు మనది కాదూ?”

చింతాలుకి ధైర్యం ఎందుకొచ్చిందంటే, గోరింకల పని ఎలా నడుస్తోందో అది కనిపెట్టింది. మొదట్లో జంపన్న వాటిని దగ్గర కూర్చోబెట్టుకుని, “మీరు పనివాళ్లు కారర్రా, నా పిల్లలు. మనది కంపెనీ కాదు, కుటుంబం” అనేవాడు. గుంట మూసేశాక గేదెలు ఇక ఎక్కడికీ పోలేవని తేలింది. ఆ సాయంత్రమే పిల్లల్లో సగాన్ని వెళ్లగొట్టాడు. వెళ్లగొట్టినవన్నీ ముసలివి. విన్న మాట నిజమో కాదో ఎగిరి వెళ్లి కళ్లారా చూసి వచ్చి చెప్పేవి అవే. మిగిలిన కుర్ర గోరింకలకి తలా నాలుగు వీపులు అంటగట్టాడు. వాటికి పిడుదు మింగే తీరికే లేదు, వెళ్లి చూసే తీరిక ఎక్కడిది? చెవిన పడిందల్లా మోసుకుపోయి గుట్ట మీద కుమ్మరించడమే.

చింతాలు ముందు ఈతపొదల డొంకకి వెళ్లింది. ఆ డొంకలో అడవిపంది ముత్యాలు కొత్తగా ఈని, పిల్లలతో పడుకుని ఉంది.

“ఏమే ముత్యాలూ, నీ పురిటింట్లోకి ఎవరైనా మూతి పెడితే ఏం చేస్తావు?” అంది బయటినించే.

“నువ్వు పెట్టి చూడవే, తెలుస్తుంది.”

“నాకొద్దులే తల్లీ. ఊరికే అడిగాను” అని చింతాలు గెంతుకుంటూ వెనక్కి వచ్చింది.

గోరింకలు తిరిగొచ్చి వీపుల మీద సర్దుకున్నాక కర్రెమ్మ గట్టిగా గుసగుసలాడింది. ఆవిడ గుసగుస అంటే ఏరు దాటి వినిపిస్తుంది. “చింతాలూ, ఎవరితో అనకే. మువ్వని ఈతపొదల డొంకలో పెట్టాను. ఒక్కర్తే ఉంది.” పక్క గేదె ఆ మాట ఇంకో గేదెతో అంది. అది మూడోదానితో అంది. మర్నాడు మధ్యాహ్నానికి గుట్ట మీద గోరింకలన్నీ ఒకే పాట పాడాయి.

జంపన్న ఆనందానికి పట్టపగ్గాలు లేవు. వెంటనే కోరయ్యకి కబురు పెట్టాడు. కోరయ్య ఒక్కడే రాలేదు. పొరుగు అడవిలో ఉన్న బావమరుదుల్ని వెంటబెట్టుకొచ్చాడు. ఈ కంపెనీ గొప్ప విని వాళ్లూ కస్టమర్లుగా చేరదామని చూస్తున్నారు. అంతమంది వచ్చారని జంపన్న తనే ముందు నడిచి, ఆ ఈతపొదని పెళ్లికూతుర్ని చూపించినట్టు చూపించాడు.

కోరయ్య మూతి పైకెత్తి గాలి పీల్చాడు. “బావా, పంది కంపు.”

ఆ కంపు జంపన్న ముక్కుకీ కొట్టింది. కొట్టకేం? ఆకాశంలో గద్దలు దారి మార్చుకుని పోతున్నాయి. కానీ బావమరుదులు వాడి మొహంలోకే చూస్తున్నారు.

“కంపా? నాకేం రావట్లేదే! బావా, ముక్కన్నది తాతలనాటి సరుకు. ఒక్క ముక్కు మాట నమ్ముతావా, నూరు గోరింకల మాట నమ్ముతావా?”

“నా ముక్కు నన్నెన్నడూ మోసం చెయ్యలేదు.”

“అందుకే డొక్కలు అలా కనిపిస్తున్నాయి.”

బావమరుదులు పకపకా నవ్వారు. కోరయ్యకి రోషం వచ్చింది. “అంత నమ్మకమైతే ముందు నువ్వు దూరు.”

“నేనా! నేను కబురు చెప్పేవాణ్ణి బావా. దూరడం కస్టమర్ వంతు.”

“అంటే, నీకే నమ్మకం లేని సరుకు మాకు అంటగడుతున్నావన్నమాట” అన్నాడు పెద్ద బావమరిది, మీసాలు నాక్కుంటూ.

జంపన్న లోపల్లోపలే లెక్క వేసుకున్నాడు. కంపు కొడుతోందంటే గోరింకల మాట అబద్ధమని తన నోటితో తనే ఒప్పుకున్నట్టు. కంపెనీ ఆ పొద దగ్గరే మట్టిలో కలుస్తుంది. కొట్టట్లేదంటే దూరాలి. వెనక కోరలు, ముందు కంపు. ఎంతైనా వ్యాపారస్తుడు. నవ్వుమొహం పెట్టి దూరాడు.

“ఎవడ్రా వాడు, బాలింత గదిలోకి!” అని లోపల్నించి ఒక్క కేక. ఆ తరవాత పొద పొదలా లేదు. ఈతమట్టలు ఎగిరాయి, మట్టి ఎగిరింది, మధ్యలో అప్పుడప్పుడు జంపన్న ఎగిరాడు. చివరికి వాడు బయటికొచ్చాడు గాని, వెళ్లిన దారిన కాదు. అసలు దారే లేని వైపునించి వచ్చాడు. ఒంటి మీద వెంట్రుక లేదు. వలిచిన చిలగడదుంపలా ఉన్నాడు.

“దూడ ఉందా బావా?” అన్నాడు కోరయ్య.

“ఉంది... కాకపోతే... కాస్త పంది పోలిక” అన్నాడు జంపన్న నేల మీదినించి. “మొదట్లో చిన్న చిన్న లోపాలుంటాయి. త్వరలో సరిచేస్తాం...”

ముత్యాలు పొదలోంచి బయటికొచ్చింది. ఇక సరిచేసేదాకా ఆగడానికి ఎవరికీ తీరిక లేకపోయింది. కోరయ్య బావమరుదులతో కలిసి ఏరు దూకాడు. ఆ దూకుడుకి ఏటి నీళ్లు గట్టెక్కి, మళ్లీ కిందికి దిగడానికి జంకాయి.

ఇంతసేపూ మువ్వ ఎక్కడుందంటారా? బీడు మధ్యలో, పట్టపగలు, అందరికీ కనిపించేలా గడ్డి మేస్తోంది. ఒక్క గోరింక వంగి చూసినా కనిపించేది. కర్రెమ్మ దాని కాల్లో ముల్లు నాకి నాకి బయటికి తీసింది. గేదెలన్నీ కలిసి గుంటలోని తుమ్మకంప కొమ్ములతో ఎత్తి పారేశాయి. కప్ప కూడా వచ్చి, “నేను మొదటినించీ ఈ మాటే అంటున్నాను” అంది. ఆ బీడులో కప్పంటూ ఒకటుందని అప్పటిదాకా అందరూ మరిచిపోయారు.

చింతాలు మాత్రం పరామర్శకని గుట్టెక్కింది. జంపన్న పసరు రాసుకుని బొరియ ముందు బోర్లా పడి ఉన్నాడు.

“ఏం జంపన్నా, నొప్పులెలా ఉన్నాయి? ఒక్క సంగతి నిజం చెప్పవయ్యా. ఆ పంది కంపు నీకు నిజంగానే రాలేదా?”

జంపన్న మెల్లిగా తలెత్తి చూశాడు. ఏటి అవతల గట్టు మీద పెద్ద బావమరిది తోడేలు ఇంకా ఇటే చూస్తూ నిలబడి ఉన్నాడు.

“ఏ కంపు?” అన్నాడు జంపన్న.

ఇందులో నీతి ఇదీ: పరుల గుట్టు అమ్ముకు తినేవాడికి సొంత ముక్కు చెప్పే నిజం కూడా అక్కరకు రాదు.