మానని కాలు

ఆ పొద్దు సోమలింగానికి అన్నం సయించలేదు. పోశవ్వ కాలి గాయానికి మళ్ళీ చీము పట్టింది. ఇది మూడోసారి.

గోదావరి ఒడ్డున, పసుపు చేల మధ్య ఒక చిన్న మఠం. అక్కడ సిద్ధమ్మ అనే సన్యాసిని చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకు మందులిచ్చేది. సోమలింగం ఆమె శిష్యుడు. మఠానికి రాకముందే పండితుల దగ్గర వైద్యగ్రంథాలు చదివాడు. పసుపుకు ఎన్ని పేర్లున్నాయో, ఏ జబ్బుకు ఎంత మోతాదు వాడాలో గుక్క తిప్పుకోకుండా చెప్పేవాడు. నాలుగేళ్ళ తర్వాత సిద్ధమ్మ మొదటిసారి ఒక రోగిని పూర్తిగా అతనికి వదిలింది. ఆ రోగే పోశవ్వ. కొడవలి తగిలి అరికాలి పక్కన తెగింది.

అతను చేయాల్సిందంతా చేశాడు. గాయాన్ని వేపాకు నీళ్ళతో కడిగాడు. పచ్చి పసుపుకొమ్ము మెత్తగా నూరి, నువ్వులనూనెలో వెచ్చజేసి కట్టు కట్టాడు. అయినా మానలేదు.

"నేను చెప్పినట్టు చేస్తున్నావా?" అని ఆ ఉదయం పోశవ్వను గద్దించాడు.

"చేస్తున్న అయ్యా."

"అబద్ధం! చేస్తే ఎందుకు మానదు?"

పోశవ్వ తల వంచుకుని, కుంటుకుంటూ వెళ్ళిపోయింది.

సోమలింగం గురువు దగ్గరికొచ్చాడు. "అమ్మా, పసుపు మన పెరటిదే. పాళ్ళు మీరు చెప్పినవే. మీరు కడితే మానుతుంది, నేను కడితే మానదు. నాలో ఏం తక్కువ?"

సిద్ధమ్మ ఒక్క మాటే అంది. "పద."

ఊరవతల చేలో పసుపు తవ్వుతున్నారు. ఆకు కోసేసి, నీళ్ళు పెట్టి నేల నానబెట్టారు. మగవాళ్ళు గడ్డపారలతో పెళ్ళగిస్తుంటే, ఆడవాళ్ళు వెనకాలే బురదలోంచి దుంపలు ఏరి గంపలకెత్తుతున్నారు. వాళ్ళలో పోశవ్వ ఉంది. కాలి కట్టు మన్నులో మునిగి, అసలు రంగు తెలియడం లేదు.

వీళ్ళను చూసి ఆమె బెదిరిపోయింది. "అబద్ధం జెప్పలే అయ్యా. రోజూ నువ్వు జెప్పినట్టే కట్టుకుంటున్న. గని కాలు కింద పెట్టకుండ ఎట్లుంట? నేనాగితే గుంపుల నా జాగ ఇంకొకరికి పోతది."

సోమలింగం ఆ మట్టికట్టునే చూస్తూ గట్టు మీద ఆగిపోయాడు.

సిద్ధమ్మ చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని సాలులోకి దిగింది. పోశవ్వ చేతిలోని గంప అందుకుంది.

"నువ్వు గట్టు మీద కూర్చుని దుంపల నుంచి కొమ్ములు విరువు. నీ సాలు నేను ఏరుతా."

కూలీల గుంపు పెద్ద పరుగెత్తుకొచ్చాడు. "అయ్యో, అమ్మా! నువ్వా?"

"మనిషి తగ్గలేదు కదా?" అని ఆమె వంగి ఏరడం మొదలుపెట్టింది.

డెబ్బై దాటిన మనిషి. రెండో గంప నిండేసరికి నడుము లేవలేదు. మోకాళ్ళ మీద చేతులు ఆనించి అలాగే నిలబడిపోయింది. గట్టు మీంచి చూస్తున్న సోమలింగం గబగబా బురదలోకి దిగి ఆమె చేతిలోని గంప తీసుకున్నాడు. ఆమె ఇచ్చేసి మఠానికి వెళ్ళిపోయింది.

పదకొండు రోజులు అతను పోశవ్వ సాలులో వంగాడు. పొద్దున్నే ఆమె కట్టు మార్చి పనిలోకి దిగేవాడు. అరచేతులు బొబ్బలెక్కాయి. మూడో రోజు మధ్యాహ్నం పోశవ్వ తన జొన్నరొట్టె, పప్పు సగం అతని ముందు పెట్టింది.

"ఆ రోజు నీది అబద్ధమన్నాను," అన్నాడు తలెత్తకుండా.

"అయిందేదో అయింది. తిను అయ్యా."

పన్నెండో రోజుకు గాయం మీద లేత చర్మం కనబడింది.

సాయంత్రం మఠంలో సిద్ధమ్మ ఉడుకుతున్న పప్పులో చిటికెడు పసుపు వేస్తూ అడిగింది. "ఏం మందు మార్చావు?"

"ఏమీ మార్చలేదమ్మా. అదే పసుపు."

ఆమె తల ఊపి గిన్నె మీద మూత పెట్టింది.

మర్నాడు ఒక ముసలాయన దగ్గుతో వచ్చాడు. సోమలింగం చెయ్యి పసుపు, మిరియాల డబ్బా దాకా వెళ్ళి ఆగింది. వచ్చి ఆయన ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"తాతా, పొద్దంతా ఎక్కడుంటావు? ఏం పని చేస్తావు?"

ముసలాయన వింతగా చూసి, మెల్లగా చెప్పడం మొదలుపెట్టాడు. సోమలింగం మధ్యలో అడ్డు రాకుండా చివరిదాకా విన్నాడు. తర్వాత లేచి, ఆ పనిచోటు చూడడానికి ఆయన వెంట నడిచాడు.