గోనెపట్టా

ఎర్రినాయుడు నాలుగు పటర్లు తెచ్చి మస్తాను తాత గుడిసె ముందు పడేశాడు.

"తాతా, ఈటిలో ఏది పట్టుకోమంటావో నువ్వే సెప్పు. ఇంక నా వల్ల కాదు," అన్నాడు.

గొంతులో ఏడుపు వినబడుతూనే ఉంది. ముప్పై తొమ్మిదేళ్ల మనిషిని అలా చూడ్డం నాకే కష్టమనిపించింది.

పటరంటే గోల్ఫులో ఆఖరున పట్టుకునే కర్ర. గుంత చుట్టూ నున్నగా కోసిన గడ్డి ఉంటుంది, దాన్ని గ్రీన్ అంటారు. ఆ గడ్డి మీద బంతిని గుంతలోకి దొర్లించేది పటరుతోనే. కొన్ని గ్రీన్ల మీద బంతి జారిపోతుంది, కొన్నిటి మీద కదలనంటుంది. ఎర్రినాయుడి బతుకంతా అక్కడే ఆగిపోయింది.

వాడూ నేనూ మా క్లబ్బులో క్యాడీలం. పన్నెండో ఏటి నుంచీ ఆడేవాళ్ల సంచులు మోస్తున్నాం. మర్నాటి పోటీలో నెగ్గితే ఎర్రినాయుడు ఆటగాడిగా పేరు రాయించుకోవచ్చు. పోతే మళ్లీ ఆ సంచులే, ఎందుకంటే నలభై దాటిన క్యాడీని మా క్లబ్బు పోటీకి పంపదు. ఇప్పటికి నాలుగుసార్లు ఆడాడు. నాలుగుసార్లూ గ్రీన్ల మీదే ఓడాడు.

మాకందరికీ ఆట నేర్పింది మస్తాను తాతే. ఇప్పుడాయనకి రెండు కళ్లూ కనబడవు. గుమ్మంలో కూర్చుని, పటర్లు పడిన చప్పుడు వైపు తల తిప్పాడు.

"ఏటయిందిరా?"

"నిన్న పొద్దున్న మంచులో కొడితే బంతి సగంలోనే ఆగిపోనాది. బరువు తల ఉన్నది తెచ్చాను. మద్దేనం దాంతో కొడితే గుంత దాటి అవతలికి పోనాది. తేలికది పట్టాను. సాయంత్రానికి అదీ పని సెయ్యనేదు. దెబ్బ ఒకటే తాతా! నువ్వు నేర్పిన దెబ్బే. పాతికేళ్ల నుంచీ వెంట్రుకవాసి మారనేదు. మరి తప్పు కర్రదే కదా?"



ఇక్కడ పాత సంగతొకటి చెప్పాలి. మేం ఆట నేర్చుకునే రోజుల్లో మా క్లబ్బులో గ్రీన్లకి గడ్డే లేదు. గడ్డి పెంచడానికి నీళ్లేవీ? గుంత చుట్టూ ఇసుక పోసి, వాడేసిన ఇంజను నూనె కలిపి చదును చేసేవారు. దాని మీద అడుగులు పడి గతుకులయ్యేవి. అందుకని బంతి కొట్టే ముందు, బంతి దగ్గర్నుంచి గుంత దాకా గోనెపట్టా ఒకటి లాగేవాళ్లం. దారి నున్నగా తయారయ్యేది. ఏ గుంతయినా, ఏ పూటయినా అదే నునుపు. ఒక్క దెబ్బ నేర్చుకుంటే చాలు. ఆ ఇసుక మీద ఎర్రినాయుడిని ఓడించిన మొనగాడు లేడు. తర్వాత బోర్లు వేశారు, గడ్డి వచ్చింది. వాడి మంచి రోజులు పోయాయి.

తాత లేచి, చూరులో తడుముకుని ఒక గోనెపట్టా బయటికి లాగాడు. నూనె పట్టి నల్లగా, బిరుసుగా ఉంది. రెండు మూలలకీ తాళ్లు అలాగే ఉన్నాయి.

"అయ్యో, ఇంకా దాచావా తాతా!" అన్నాను నేను.

"గ్రీను కాడికి పదండి," అన్నాడు.

నేను చెయ్యి పట్టుకుని నడిపించాను. ఇంకా ఎండెక్కలేదు, గడ్డి మీద మంచు తెల్లగా ఉంది. ఎర్రినాయుడు బంతి పెట్టాడు. తాత గోనెపట్టా వాడి చేతికిచ్చాడు.

"లాగు."

"గడ్డి మీదా? మాలీ సూస్తే సంపేస్తాడు!"

"లాగమన్నానా."

ఎర్రినాయుడు గుంత దాకా లాగాడు. మంచు తుడుచుకుపోయి చార పడింది, గడ్డి వంగింది. వెనక్కి వచ్చి పటరు అందుకునేలోపే వంగిన గడ్డి మెల్లగా లేచింది. మళ్లీ లాగాడు. మళ్లీ లేచింది. మూడోసారి పళ్లు కొరుకుతూ, తన బరువంతా వేసి లాగాడు. ఆయాసపడుతూ అక్కడే నిలబడి కిందికి చూశాడు.

"లెగిసిపోతంది తాతా," అన్నాడు.

"ఊఁ."

గోనెపట్టా వాడి చేతిలోంచి జారిపోయింది. కూలబడిపోయి, మొహం కప్పుకుని ఏడ్చాడు.

"పాతికేళ్లు తాతా. నా వయసంతా ఎల్లిపోనాది."

తాత ఓదార్చలేదు. చాలాసేపటికి ఏడుపు తగ్గింది. ఎర్రినాయుడు అరచెయ్యి గడ్డి మీద ఆనించాడు. ఇన్నేళ్లలో వాడు గడ్డిని ముట్టుకోగా నేనెప్పుడూ చూడలేదు.

"ఎలాగుందిరా?" అడిగాడు తాత.

"తడిగా ఉంది. సల్లగా ఉంది."

"మద్దేనానికి ఎలాగుంటాది?"

ఎర్రినాయుడు ఆలోచించాడు. చెప్పబోయి ఆగాడు.

"తెల్దు తాతా. అప్పుడు సూడాల."

మస్తాను తాత వంగి, చేత్తో వెతుక్కుని, గోనెపట్టా తీసి చుట్ట చుట్టుకున్నాడు.

"ఆ 'తెల్దు' అన్న ముక్క అనడానికి నాకు ఇరవయ్యేళ్లు పట్టిందిరా," అన్నాడు. "అప్పటికి కళ్లు పోనాయి."

ఎర్రినాయుడు గడ్డి మీంచి చెయ్యి తియ్యలేదు.