చింతపిక్కల తీర్పు

అనగనగా, ఏరు ఎటు తిరిగితే ఊరు అటు జరిగే రోజుల్లో, మణికేతుడనే రాజు ఏలే ఒక చిన్న రాజ్యం ఉండేది. రాజుగారి ఊళ్లో మూడే వీధులు: ఎగువ వీధి, నడి వీధి, దిగువ వీధి. మూడింటికీ ప్రాణం ఏటి ఒడ్డున ఉన్న కరకట్ట. అది నిలిస్తే ఊరుంటుంది, తెగితే ఉండదు.

వరద వచ్చినప్పుడల్లా ఒక మనిషి ఆ కట్ట మీద కాపలా ఉండాలి. ఎక్కడ నీరు ఊరితే అక్కడ మట్టీ గడ్డీ తొక్కాలి. వెళ్లినవాళ్లందరూ తిరిగి రాలేదు.

అందుకే ఏ వీధి మనిషి వెళ్లాలో అమ్మవారే చెప్పాలని రాజుగారి తాత ఒక ఆచారం పెట్టాడు. రెండు చింతపిక్కల్ని ఒక పక్క తెల్లగా అరగదీసి అమ్మవారి ముందు చాప మీద వేస్తారు. రెండూ తెల్లగా పడితే ఎగువ వీధి. రెండూ నల్లగా పడితే దిగువ వీధి. ఒకటి తెలుపు, ఒకటి నలుపు అయితే నడి వీధి. ఆ వీధిలో వంతు ఎవరిదైతే వాళ్లు వెళ్లాలి. మూడు వీధులు, మూడు తీర్పులు. ఇంతకన్నా న్యాయం ఏముంటుందని అందరూ అనుకున్నారు.

కానీ తీర్పు నడి వీధి మీదే ఎక్కువగా పడేది. ఏళ్లు గడిచేకొద్దీ అక్కడ మగదిక్కు లేని ఇళ్లు పెరిగాయి. ఊరు జాలిపడిందా? లేదు. అమ్మవారికి కోపం వచ్చే పాపమేదో చేసి ఉంటారని చెవులు కొరుక్కుంది. చివరికి ఆ వీధివాళ్లే ఆ మాట నమ్మారు. కట్ట మీద భర్తను పోగొట్టుకున్న సూరమ్మ అయితే, మేమేం తప్పు చేశాం తల్లీ అని రోజూ దీపం పెట్టి అడిగేది.

పిక్కలు వేసే పని ఎగువ వీధి చెన్నప్పది. ఒక ఏడాది, వానలు మొదలయ్యే ముందు, పాత పిక్కల్లో ఒకదాన్ని ఎలుక ఎత్తుకుపోయింది. చెన్నప్ప ఇంకొకటి అరగదీశాడు. అది పాతదానికన్నా కాస్త చిన్నది. సరిగా పడుతుందో లేదో చూద్దామని వసారాలో కూర్చుని వేశాడు. పెద్దది తెలుపు, చిన్నది నలుపు. మళ్లీ వేశాడు. పెద్దది నలుపు, చిన్నది తెలుపు.

చెన్నప్ప చెయ్యి ఆగిపోయింది. ఇవి రెండు వేరు వేరు సంగతులు కదా. పిక్కలు ఒకే తీరుగా ఉన్నంతకాలం రెంటినీ ఒక్కటే అనుకున్నాం. ఎగువ వీధికి ఒక్క దారి, దిగువ వీధికి ఒక్క దారి, నడి వీధికి మాత్రం రెండు దారులు. సాయంత్రం దాకా వేస్తూనే ఉన్నాడు. మిగతా రెండు వీధులూ కలిసి ఎన్నిసార్లు వచ్చాయో, నడి వీధి ఒక్కటే ఇంచుమించు అన్నిసార్లు వచ్చింది.

ఈ మాట భార్యకు చెప్పాడు. ఈసారి మన వీధిలో వంతు మన కొడుకు వీరేశానిదే, నోరు మెదపకు అని ఆమె బతిమాలింది. వీధి పెద్దకు చెప్పాడు. తాతలనాటి ఆచారం, మనకెందుకని ఆయన కొట్టిపారేశాడు. మూడోసారి తన మనసునే అడిగాడు. అది కూడా ఊరుకోమనే చెప్పింది. చెన్నప్ప ఊరుకున్నాడు.

వానలు పట్టాయి. ఏరు పొంగింది. రాజు, ప్రజలు చూస్తుండగా చెన్నప్ప పిక్కలు వేశాడు. ఒకటి తెలుపు, ఒకటి నలుపు. నడి వీధిలో ఆ ఏడాది వంతు సూరమ్మ కొడుకు లింగన్నది. సూరమ్మ ఏడవలేదు. తీర్పు ముందే తెలిసినదానిలా, ఇంటి దగ్గరే కట్టి తెచ్చిన సద్దిమూట కొడుకు చేతికిచ్చింది.

ఆ మూట చూసి చెన్నప్ప తట్టుకోలేకపోయాడు. రాజుగారి ముందు మోకరిల్లి, పిక్కలు రెండూ చూపించి, తాను కనిపెట్టినదంతా చెప్పాడు.

వీధి పెద్దకు కోపం వచ్చింది. "అమ్మవారి మాటకు లెక్కలు కడతావా?" అన్నాడు.

"పిక్కల్ని వేయించేది అమ్మవారే కావచ్చు. వాటిని వీధులకు పంచింది మాత్రం మనమే. పంచడంలో తప్పాం" అన్నాడు చెన్నప్ప.

రాజు పిక్కలు రెండూ చేతిలోకి తీసుకుని చూశాడు. తర్వాత ఏం చేద్దామని అడిగాడు. ఈ తీర్పు కొట్టేసి, మళ్లీ పిక్కలు వేయకముందే కొత్త నియమం పెట్టమన్నాడు చెన్నప్ప. పెద్దది తెలుపు, చిన్నది నలుపు అయితేనే నడి వీధి. పెద్దది నలుపు, చిన్నది తెలుపు అయితే ఎవరిదీ కాదు, మళ్లీ వేయాలి. అప్పుడు వీధికొక్క దారే ఉంటుంది. రాజు సరేనన్నాడు.

చెన్నప్ప మళ్లీ వేశాడు. పెద్దది నలుపు, చిన్నది తెలుపు. చెల్లదు.

మూడోసారి వేశాడు. రెండూ తెలుపు.

ఎగువ వీధి. అతని కొడుకు వీరేశం. చెన్నప్ప భార్య గుండెలు బాదుకుంది. చెన్నప్ప తల దించుకున్నాడు గాని మాట మార్చలేదు.

అప్పుడు సూరమ్మ అతని దగ్గరికి వచ్చింది. "అయితే అన్నా, మా మీద అమ్మకు కోపం లేదా?" అని అడిగింది.

"లేదమ్మా. ఎప్పుడూ లేదు."

సూరమ్మ అప్పుడు ఏడ్చింది. భర్త పోయిననాడు కూడా అంతగా ఏడవలేదు. తర్వాత కళ్లు తుడుచుకుని కొడుకు వైపు చూసింది. లింగన్న పార భుజాన వేసుకుని వీరేశం పక్కన నిలబడ్డాడు. నడి వీధి మగవాళ్లందరూ వాళ్ల వెనక నడిచారు. ఎవరూ పంపలేదు. కట్ట ఎక్కడ పలచనో, నీరు ఎక్కడ ఊరుతుందో వాళ్లకు తెలిసినంతగా ఊళ్లో మరెవరికీ తెలియదు. అన్నిసార్లు పంపించారు మరి.

కట్ట నిలిచింది. తెల్లవారి అందరూ ఇళ్లకు వచ్చారు. వీరేశం సద్దిమూట తెచ్చి సూరమ్మకు ఇచ్చాడు. అది ఖాళీగా ఉంది, రాత్రి కట్ట మీద అతనూ లింగన్నా పంచుకుని తిన్నారు.

కాబట్టి పిల్లలూ, కష్టం పదే పదే ఒకరి మీదే పడుతుంటే, వాళ్ల పాపాన్ని వెతికే ముందు మన లెక్కలో తప్పును వెతకాలి.