అత్తగారి ముఖం చూడని అల్లుడు

అనగనగా ఒక ఊరు. ఊరంటే మనలా పెంకుటిళ్ళూ వీధులూ కాదు నాన్నా, కొండ పక్కన నాలుగు గడ్డిగుడిసెలు. అమెరికాలో అపాచీలని ఒక జనం. వాళ్ళ ఊరది.

ఆ ఊళ్ళో త్సేలిచీ అని ఒకతను ఉండేవాడు. ఎర్రరాయి అని అర్థంట. మనం ఎర్రరాయి అనే అనుకుందాం. వాళ్ళలో పెళ్ళయ్యాక మగవాడే అత్తారింటి దగ్గరికి వెళ్ళి ఉండాలి. కానీ అత్తా అల్లుడూ ఒకరి ముఖం ఒకరు చూడకూడదు, మాట్లాడుకోకూడదు. పగ కాదు, మర్యాద. మన దగ్గర అల్లుడొస్తే అత్తగారు గారెలు వండుతుంది. అక్కడ అల్లుడొస్తే అత్తగారు గుడిసె వెనక్కి పరుగు. చూస్తే కళ్ళు పోతాయనేవాళ్ళు. నిజమో కాదో, చూసినవాళ్ళుంటే కదా తెలిసేది.

ఒకరోజు అత్తగారు కిత్తనార గడ్డలు తవ్వడానికి కొండెక్కింది. మన రైలుకట్ట పక్కన ముళ్ళముళ్ళుగా ఉంటుందే, అలాంటి మొక్కే. దాని గడ్డని గోతిలో కాలిస్తే బెల్లంలా ఉంటుందట. నేను తినలేదులే. పొద్దు వాలింది, ఆవిడ రాలేదు. మంచు మొదలైంది. ఊళ్ళో మిగతా మగవాళ్ళంతా వేటకెళ్ళారు. ఎర్రరాయి పెళ్ళాం పదిరోజుల బాలింత.

"నువ్వే వెళ్ళాలి," అంది పెళ్ళాం.

"చూడకుండా ఎలా వెతకను?"

"మా అమ్మ గొంతు తెలుసుగా. గుడిసె వెనకనుంచి నీ బద్ధకాన్ని తిట్టేది ఆవిడే."

అప్పుడు ఎర్రరాయి గుర్రాన్ని తోలుకుని వెళ్ళాడు. లోయ దగ్గర మూలుగు వినబడింది. చప్పున అటు వీపు పెట్టి నిలబడ్డాడు. ఆవిడా దుప్పటి ముఖమ్మీదికి లాక్కుంది. కాలు మడతపడి వాచిపోయింది. చెప్పాలంటే మాట్లాడాలి, మాట్లాడకూడదు. కాసేపాలోచించి గుర్రంతో చెప్పింది.

"ఏమే గుర్రమా, నేను లేవలేనే."

అతనూ గుర్రంతోనే అన్నాడు. "గుర్రమా, పెద్దావిడ పక్కన బండకి ఆనుకుని నిలబడు. ఎక్కుతుంది."

ఒకసారి ఎక్కబోయింది, జారింది. రెండోసారి గుర్రం బెదిరింది. మూడోసారి కిందపడింది. మన కథల్లో మూడోసారికి పనైపోతుంది. వాళ్ళకి నాలుగు లెక్క.

"గుర్రమా, ఆ పిల్లాణ్ణి ఇంటికి పొమ్మను. మంచులో ఇద్దరం పోవడమెందుకు?"

అప్పుడు ఎర్రరాయి తలగుడ్డ విప్పి కళ్ళకి కట్టుకున్నాడు. తడుముకుంటూ వెనక్కి వెనక్కి జరిగి, ఆవిడ ముందు గొంతుక్కూర్చున్నాడు.

"గుర్రమా, నా వీపు కూడా నీ వీపే అనుకోమను."

ఆవిడ దుప్పటి కళ్ళమీంచి తీసి, అతని మెడ చుట్టూ చేతులేసింది. ఆ తర్వాత ఎక్కింది.

అతనికి దారి కనబడదు. ఆవిడకి నడక లేదు. దారి పొడుగునా ఆవిడ చెబుతూనే ఉంది. "గుర్రమా, ఎడమకి. రాయుంది, మెల్లిగా. గుర్రానివై గాడిదలా నడుస్తావేం?" అసలు గుర్రం వెనకాల ఊరికే వస్తోంది.

గుడిసె ముందు ఆవిణ్ణి దింపి, ఎర్రరాయి అటు తిరిగాకే గుడ్డ విప్పాడు. కూతురు తల్లిని లోపలికి తీసుకెళ్ళి కాలికి కాపడం పెట్టింది.

"ఎవరు తెచ్చారమ్మా?"

"గుర్రం," అంది ముసలావిడ. "నీ మొగుడి ముఖం ఎలా ఉంటుందో నాకు తెలీదు. మెడ మాత్రం మంచి మనిషిది," అంది.

బయట ఎర్రరాయికి వినబడింది. వినబడినట్టు ఉండకూడదు కదా. గుర్రం మీది మంచు దులుపుతూ ఉండిపోయాడు.

మంచు కొండకి, కథ కంచికి, మనం కునుక్కి.