పూడ్చిన మగ్గం గుంట

అనగనగా, మగ్గాల చప్పుడుకే ఊళ్లు మేలుకునే రోజుల్లో, నూలుపాడులో కొండప్ప అనే ముసలి నేతగాడు ఉండేవాడు. మగ్గం గుంటలో కాళ్లు పెట్టి, చెక్కలు తొక్కుతూ ఆయన నేసిన చీర కోసం రాజుగారు సైతం కబురు పంపేవారు.

ఒకనాడు గుంట గట్టు మీద కాలు జారింది. తుంటి ఎముక విరిగింది. రాణిగారి చీర మగ్గం మీద సగంలో ఆగిపోయింది.

వైద్యుడు కోసి, ఎముక సరిచేసి, కుట్లు వేశాడు. "కొండప్పా! ఎముక నేను అతికించాను. నడక నువ్వే తెచ్చుకోవాలి. నొప్పి పుట్టినా రోజూ మూడు పూటలా లేచి అడుగులు వెయ్యి. లేకపోతే కాళ్లు చచ్చుబడతాయి" అన్నాడు.

"వేస్తానయ్యా. ఆ చీర పూర్తి చెయ్యాలి" అన్నాడు కొండప్ప.

ఆయనకు ముగ్గురు కొడుకులు. బంగారంలాంటి పిల్లలు. అదే వచ్చిన చిక్కు!

తండ్రి లేచి నిలబడి "అమ్మా!" అని మూలిగాడు. పెద్దవాడు పరుగున వచ్చి పడుకోబెట్టాడు. "ఎందుకు నాన్నా ఈ అవస్థ? కంచం మంచం దగ్గరికే తెస్తాంగా!"

మర్నాడు తండ్రి గోడ పట్టుకున్నాడు. రెండోవాడు వీపున ఎక్కించుకుని పెరట్లోకి మోశాడు. "మేమున్నది ఎందుకు నాన్నా?"

మూడోవాడిది మరీ పిచ్చిప్రేమ. నాన్న మళ్లీ పడతాడేమోనని, ఆయనకు చెప్పకుండా మగ్గం గుంటనే మట్టితో పూడ్చేశాడు. ఆ వీధిలో గుంట పూడ్చేది నేతగాడు చనిపోయిన నాడే. ఆ సంగతి వాడికి తట్టనేలేదు.

"కొడుకులంటే వీళ్లు!" అని వీధంతా మురిసిపోయింది.

ఎదురింటి అచ్చమాంబ ఒక్కతే మురవలేదు. ఆమెకూ ఒకప్పుడు తుంటి విరిగింది. చూసే దిక్కులేక, ఏడుస్తూ తనే లేచి నీళ్లు ముంచుకుంది. కర్ర పొడుచుకుంటూ వచ్చి, "ఒరేయ్, మీ నాన్న కాళ్లు పోగొడుతున్నది మీరేరా! వదలండ్రా ఆయన్ని!" అని కసిరింది.

"నీకు జాలి లేదు పెద్దమ్మా" అని వాళ్లు తలుపేసుకున్నారు.

ఆరు నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. పక్కింటి మగ్గం చప్పుడుకు కొండప్ప ప్రాణం కొట్టుకుంది. ఏడుస్తూ, పాకుతూ మగ్గం దాకా వెళ్లాడు. గుంట లేదు. అలికి ముగ్గేసిన నేల ఉంది.

కొడుకులు వచ్చేసరికి ఆ నేలను గోళ్లతో గీకుతున్నాడు.

"నాన్నా! నిన్ను కిందికి దించకుండా మోశామే, ఇంకేం తక్కువ చేశాం?"

"మోశార్రా. పోయాక మోయాల్సినవాణ్ణి బతికుండగానే మోశారు. గుంట కూడా పూడ్చేశారు."

ముగ్గురూ గొల్లుమన్నారు. గడ్డపార తెచ్చి గుంట తవ్వారు. అచ్చమాంబ చెప్పినట్టు తండ్రిని తనంతట తానే లేవనిచ్చి, పడకుండా పక్కన కాచుకున్నారు. ఏం లాభం? కొండప్ప అతికష్టం మీద వాకిలి దాకా నడిచాడు, అంతే. గుంటలో దిగితే ఆ కాళ్లు చెక్కను తొక్కలేకపోయాయి. సగం చీర సగంగానే ఉండిపోయింది.

కాబట్టి పిల్లలూ, పడిలేచే పెద్దల పక్కన నిలబడాలే గాని, వాళ్లు వెయ్యాల్సిన అడుగులు మనం లాక్కోకూడదు.