ముళ్లపంది వెనక కూర్చున్న నక్క

కొండ గుహలో ఎలుగుబంటి నడిపే ఆసుపత్రి ఉంది. విరిగిన కాళ్లకి ముందు గుహ, విరిగిన మనసులకి లోపలి గుహ. పొద్దువాలితే లోపలి గుహలోని కుర్రకారంతా గుండ్రంగా కూర్చుని ఎవరి గోడు వాళ్లు చెప్పుకునేవాళ్లు. సగం జబ్బు అక్కడే దిగేది. అయితే ఆ గుంపులోకి ఎవరు పనికొస్తారో తేల్చేది నక్క. పనికిరారంటే చివరి బొరియలో ఒంటరి పడక.

వరదలో అమ్మ కొట్టుకుపోయాక తిండి మానేసిన ములికి అనే ముళ్లపంది పిల్ల వంతు వచ్చింది. దానికి గుంపులో కూర్చోవాలనే ఉంది. బతిమాలడం మాత్రం దాని ఒంట్లో లేదు.

నక్క వెళ్లి దాని వెనక కూర్చుంది. ఎదురుగా ఉంటే రోగులు నటిస్తారని దాని సిద్ధాంతం.

"నలుగురితో కలుస్తావా?"

"నువ్వు ముందుకొస్తే నీతో మొదలుపెడతా మామా."

"పెద్దలకి ఎదురుచెప్పడం. ఊఁ. మీ అమ్మ పోయిందని ఏడుపొస్తుందా?"

ములికి ముళ్లన్నీ నిక్కబొడుచుకున్నాయి.

"అనుకున్నా. కలివిడితనం సున్నా. పద, చివరి బొరియకి."

"పోను," అంది ములికి. ముల్లును ముల్లుతోనే తీయాలని దానికి ఎవరూ నేర్పక్కర్లేదు. "పోయేముందు నీ విద్య కాస్త నేర్పు మామా. రోగివై ఈ రాయి మీద కూర్చో. నేను అడుగుతా, తప్పయితే దిద్దు."

పొగిడితే కూర్చోని నక్క ఏ అడవిలోనూ లేదు. కుర్రకారు చుట్టూ చేరింది. పసరు గిన్నెతో పోతున్న ఎలుగుబంటి కూడా ఆగింది.

ములికి నక్క వెనక్కి చేరి, దాని తోక పక్కనే ముళ్లు గలగలలాడించింది. "చెప్పు మామా, రాత్రిళ్లు ఎవరిని తలుచుకుని ఊళ పెడతావు?"

నక్క తోక చీపురంత ఉబ్బింది. గిరుక్కున తిరిగి పళ్లు బయటపెట్టింది.

"పాపం, కలివిడితనం సున్నా," అంది ములికి. "బొరియ ఊడ్పించనా మామా?"

గుహంతా గొల్లుమంది. "ఊడ్చే ఉంది," అంది ఎలుగుబంటి. "మీలో ఎవరు పోతారో తేల్చుకోండి."

నక్క తోక ముడుచుకుని ముందుకొచ్చి, ములికికి ఎదురుగా చతికిలబడింది.

"నీ పేరేంటి?"

"ములికి. ఇది మొదటే అడిగుంటే నీ తోక పరువు దక్కేది."

ఆ సాయంత్రం గుంపులో ములికి కూర్చుంది. పక్కనే నక్కనీ కూర్చోబెట్టారు. ముందు దాని ఊళ సంగతే విందామని అందరూ పట్టుబట్టారు మరి.

ఎదుటివాళ్ల ముళ్లు ఎంచేముందు, నువ్వు ఏ పక్క నిలబడ్డావో చూసుకో.