ఇద్దరు సీతమ్మలు

"మాస్టారూ, ఒకే తల్లి బిడ్డల్ని నా ప్రోగ్రాం పరాయివాళ్ళంటోంది. ఏం చెయ్యను?" అని అడిగింది యామిని.

అడిగింది కొండపల్లిలో, వీరభద్రం మాస్టారి వసారాలో. ఆయన ప్రోగ్రామింగ్ నేర్పుతారు గానీ, శిష్యుల కీబోర్డు తాకితే చెయ్యి మోచేతి దాకా కాలిపోతుందన్నట్టు దూరంగా కూర్చుంటారు. నలభై ఏళ్ళలో ఒక్క ప్రశ్నకైనా తిన్నగా జవాబు చెప్పిన పాపాన పోలేదు.

యామిని ఒక బడి కోసం మూడు వారాలు, కలల్లో రాసింది కూడా కలుపుకుంటే మూడేళ్ళు, కూర్చుని ఆ ప్రోగ్రాం రాసింది. అది తోబుట్టువులను గుర్తుపట్టి ఇద్దరికీ ఒకే బస్సు కేటాయించాలి. సరిగ్గా చేస్తోందో లేదో చూడటానికి ఉత్తుత్తి పిల్లల్ని తయారుచేసిపెట్టే చిన్న ప్రోగ్రాం ఇంకొకటి ఉంటుంది. దాన్ని ఫ్యాక్టరీ అంటారు. దానిచేత యామిని ఒక అక్కని, ఒక తమ్ముణ్ణి చేయించింది. ఇద్దరికీ తల్లి పేరు సీతమ్మే. అయినా బస్సులు వేరువేరుగా వస్తున్నాయి. అలా సరిచూసే టెస్టు వెయ్యిన్నొక్కసారి నడిపితే వెయ్యిన్నొక్కసారీ తప్పని ఎర్రబడింది. సాయంత్రానికి బడివాళ్ళకి అప్పగించాలి. రాసిందంతా చెరిపేసి మళ్ళీ మొదలుపెడతానని ఏడుస్తుంటే, ఆ కన్నీళ్ళకి కృష్ణానది మూరెడు పెరిగింది.

మాస్టారు తాపీగా కళ్ళద్దాలు తుడుచుకున్నారు. "చెరపడానికేం, ఎప్పుడైనా చెరపొచ్చు. ముందు పక్క వీధిలో చలపతి దగ్గరికెళ్ళి ఓ ఆడపిల్ల బొమ్మ పట్రా" అన్నారు. తెచ్చాక, "అయ్యో, దీని తమ్ముడి సంగతి మరిచాను. మళ్ళీ వెళ్ళు" అన్నారు.

బొమ్మలు చెక్కే చలపతికి ఒక పట్టింపు ఉంది. పిల్ల బొమ్మని ఒంటరిగా కొట్టు గడప దాటనివ్వడు. తల్లి బొమ్మని తోడిచ్చి పంపుతాడు. తాతలనాటి నియమమట, తప్పితే కొండ విరిగి కొట్టు మీద పడుతుందన్నంత భయం. అలా రెండు తడవల్లో మాస్టారి బల్ల మీదికి ఇద్దరు పిల్లలూ, వాళ్ళతోపాటు ఇద్దరు తల్లులూ చేరారు. తల్లులిద్దరిదీ అదే ఎర్రచీర, అదే కొప్పు, అదే నవ్వు.

"ఈ పిల్లల తల్లి ఎవరమ్మా?"

"ఇదిగో, ఎర్రచీర ఆవిడ..." అని యామిని ఆగిపోయింది.

మాస్టారు తల్లులిద్దరినీ తిరగేసి చూపించారు. అడుగున చలపతి బొమ్మకొకటి చొప్పున వేసుకునే అంకెలున్నాయి. ఒకావిడ నలభై ఒకటి, రెండో ఆవిడ నలభై మూడు.

యామిని రెండో ఆవిడని చంకనెత్తుకుని కొట్టుకి పరుగెత్తింది. "ఇంట్లో తల్లి ఉందిగా బాబాయ్, మళ్ళీ ఈవిడెందుకు?"

"ఉందని నువ్వు చెప్పావా తల్లీ? చెబితే పిల్లాణ్ణి ఆవిడ పేరనే పంపుదును. చెప్పకపోతే నేనే ఒకావిణ్ణి ఇచ్చుకోవాలి గదా" అన్నాడు చలపతి, కుంచె కింద పెట్టకుండానే.

రెండో ఆవిడని కొట్టులోనే వదిలేసి యామిని తిరిగొచ్చిన వేగానికి లేచిన దుమ్ము ఆ వీధిలో ఇంకా అణగలేదు. తెర మీద సీతమ్మ పేరు పక్కన ఫ్యాక్టరీ వేసిన అంకెలు చూసింది. అక్క తల్లి పదిహేడు, తమ్ముడి తల్లి పద్దెనిమిది. గబగబా ముందు ఒక్క సీతమ్మని చేయించి, పిల్లల్ని చేయించేటప్పుడు ఇద్దరికీ "తల్లి ఈవిడే" అని ఫ్యాక్టరీకి చెప్పింది. టెస్టు నడిపింది. పచ్చబడింది. అప్పుడు యామిని వదిలిన ఊపిరికి నాలుగిళ్ళ అవతల దండెం మీది బట్టలు ఆరిపోయాయి.

"అమ్మయ్య, చెరపక్కర్లేదు మాస్టారూ. ఇంతసేపూ నా ప్రోగ్రామే అబద్ధం చెబుతోందనుకున్నాను."

మాస్టారు మిగిలిన తల్లికి అటొకరినీ ఇటొకరినీ పిల్లల్ని నిలబెట్టారు.

"అది పాపం మొదట్నించీ నిజమే చెబుతోంది. వాళ్ళని అక్కాతమ్ముళ్ళన్నది నువ్వు."